లాంకస్టర్ వెళ్లేముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నలకు, పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులైన ఆమిష్ వారి ఊళ్లు చూపించడానికి పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీకి తీసుకువెళ్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. ప్రయాణం ఆదివారం మాత్రం పెట్టుకోకు. ఆ రోజు వారు దుకాణాలు తెరవరు. శనివారం పొద్దున్నే బయలుదేరితే బర్డ్-ఇన్-హ్యాండ్, ఇంటర్‌కోర్స్ అనే రెండు ఊళ్లూ నిదానంగా చూడవచ్చు.

340వ నంబరు రోడ్డులో, వెనుక నారింజరంగు త్రికోణం ఉన్న గుర్రపు బగ్గీ కనబడగానే వేగం తగ్గించు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తొందరపడి హారన్ కొట్టాను. గుర్రం బెదిరి పక్కకు లాగేసరికి, లోపల ఉన్న తల్లి ఒక చేత్తో బిడ్డను గుండెకు అదుముకుని, రెండో చేత్తో బగ్గీ అంచును గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. ఎదర రోడ్డు స్పష్టంగా కనిపించేదాకా ఆగి, బగ్గీకి చాలినంత దూరం వదిలి దాటు.

మనుషులను ఫోటో తీయవద్దని అమ్మకు ముందే చెప్పు. ముఖం కనబడేలా ఫోటోకు నిలబడడం బైబిలు ఆజ్ఞకూ, తాము పాటించే అణకువకూ విరుద్ధమని వారి నమ్మకం.

కంచరగాడిదలతో దున్నడం చూస్తే నాన్న కారు ఆపమంటాడు. రోడ్డు పక్కన నిలబడి ఎంతసేపైనా చూడండి గాని, అడగకుండా పొలంలోకి దిగవద్దు. బడుల గురించి కూడా తప్పక అడుగుతాడు. ఒకే గది ఉన్న బడిలో ఎనిమిదో తరగతితో చదువు ముగుస్తుందనీ, ఆపైన బలవంతపెట్టరాదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందనీ చెప్పు. ఇంట్లో వారు మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్, అంటే జర్మన్ మాండలికం. వలస వచ్చి దాదాపు మూడు వందల ఏళ్లయినా పసిపిల్లలకు మొదట అదే నేర్పుతారు. మన ఇళ్లలో రెండో తరానికే తెలుగు జారిపోతున్నందుకు బాధపడే నేను, ఆ పిల్లల మాటలు వినడానికే మళ్లీ మళ్లీ వెళ్తుంటాను.

అమ్మ శాకాహారి కాబట్టి, ‘పై’ అనే, పండ్లు నింపి కాల్చే పిండివంట కొనేముందు అందులో పంది కొవ్వు వేశారేమో అడుగు. కొందరు పిండిలో కలుపుతారు. పొలాల ముందు బల్లమీద టమాటాలు, జాము సీసాలు, పక్కన డబ్బు వేసే పెట్టె ఉంటాయి. అమ్మేవారు ఎవరూ కనబడకపోవచ్చు. అక్కడ కార్డు చెల్లదు, చిల్లర నోట్లు దగ్గర ఉంచుకో.

ఇట్లు,
మీ పెదనాన్న