తిరగని మోటారు, తరగతికి ఒకే ఫోను: ఉపాధ్యాయుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పదో తరగతి పిల్లలతో సెల్లు, అయస్కాంతం, పిన్నీసులు, రాగి తీగ వాడి చిన్న మోటారు చేయించాం. పది జట్లలో మూడింటికే తిరిగింది. కొన్ని కాసేపు ఊగి ఆగిపోయాయి, కొన్ని కదలనే లేదు. లోపం ఎక్కడ?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పలాస

జవాబు: ఊగి ఆగిపోవడం వేరు, అసలు కదలకపోవడం వేరు. రెండింటికీ కారణాలు వేర్వేరు.

కదలని వాటిలో చాలావరకు తీగ పూతే అడ్డు. వైండింగ్ షాపులో కొన్న తీగ మెరుస్తూ ఉంటే ఉత్త రాగి అనుకుంటాం. దాని మీద కరెంటును అడ్డుకునే ఎనామిల్ పూత ఉంటుంది. పిల్లలు బ్లేడుతో పైపైన గీకి వదిలేస్తారు. గరుకు కాగితంతో రుద్దించండి, ముదురు రంగు పోయి లేత రాగి రంగు తేలాలి. అనుమానం తీరకపోతే రెండు కొసల గీకిన భాగాల మధ్య సెల్లు, టార్చి బల్బు కలిపి చూడండి. బల్బు వెలిగితే పూత పోయినట్టే.

ఊగి ఆగిపోయేవాటిలో తప్పు గీకిన తీరులో ఉంటుంది. ఒక కొసను చుట్టూ పూర్తిగా గీకాలి. రెండో కొసను సగమే గీకాలి, అదీ తీగచుట్టను నిట్టనిలువుగా పట్టుకున్నప్పుడు పైకి కనిపించే సగాన్ని. చాలామంది చుట్టను బల్ల మీద పడుకోబెట్టి పైభాగం గీకేస్తారు. అప్పుడు మోటారు తిరగదు. ఎందుకంటే అయస్కాంతం చుట్టకు కింద, సెల్లు మీద ఉంది. చుట్ట నిలువుగా ఉన్నప్పుడు తిప్పే బలం అత్యధికం, అడ్డంగా పడుకున్నప్పుడు సున్నా. ఆ స్థానం దాటగానే బలం దిశ మారిపోతుంది. నిలువు స్థానానికి అటూ ఇటూ పావు చుట్టు చొప్పున కరెంటు పారాలి. మిగతా సగంలో ఆగిపోవాలి, అప్పుడు చుట్ట తన ఊపుతోనే ముందుకు పోతుంది. పడుకోబెట్టి గీకితే, కరెంటు పారుతున్న సగం మధ్యలోనే దిశ మారుతుంది. ముందుకు ఒక తోపు, వెనక్కి ఒక తోపు, అంతే. రెండు కొసలూ పూర్తిగా గీకినా ఇదే జరుగుతుంది. ఈ కారణాన్ని మీరు చెప్పేయకండి. తిరిగిన మోటారునూ తిరగనిదాన్నీ పక్కపక్కన పెట్టి, కొసల్లో తేడా పిల్లలనే వెతకమనండి. ఆ వెతుకులాటకు పదిహేను నిమిషాలు పట్టినా ఇవ్వండి.

కొలతలు: 26 గేజ్ తీగ మీటరు. రెండున్నర సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గమ్ స్టిక్కు చుట్టూ పది చుట్లు. అటూ ఇటూ అయిదేసి సెంటీమీటర్ల కొసలు, రెండూ ఒకే గీతలో, చుట్ట నడిమి నుంచి బయటికి రావాలి. పెద్ద టార్చి సెల్లుకు రెండు చివరలా అయిదు సెంటీమీటర్ల పిన్నీసులను సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాలి. చుట్టకూ అయస్కాంతానికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు చాలు. కరెంటు ఇవ్వకుండా వేలితో తిప్పి చూడండి. ఎప్పుడూ ఒకే వైపు కిందికి వచ్చి ఆగితే ఆ వైపు బరువెక్కువ, కొసలు సరిచేయాలి.

ఒక జాగ్రత్త. ఈ తీగ నిరోధం ఓమ్‌లో పదో వంతు మాత్రమే, దాదాపు షార్ట్ సర్క్యూటే. తిరగకుండా ఆగిన చుట్టను అలాగే వదిలితే సెల్లు, తీగ చేయి కాలేంత వేడెక్కుతాయి. పది సెకన్లకు మించి ఉంచవద్దు. సెల్లుకు బదులు పవర్ బ్యాంకు గానీ ఫోను బ్యాటరీ గానీ వాడనివ్వవద్దు.

ప్రశ్న: నలభై అయిదు మంది పిల్లలకు నా ఫోను ఒక్కటే ఉంది. వీడియోలు చూపించడం తప్ప దానితో ఇంకేం చేయగలను?
– ఉపాధ్యాయురాలు, మధిర

జవాబు: దాన్ని కొలిచే సాధనంగా వాడండి. పై మోటారునే తీసుకోండి. చుట్ట ఒక వైపు గోళ్ల రంగు చుక్క పెట్టి, కిటికీ వెలుగులో స్లోమోషన్ వీడియో తీయండి (వెలుగు తక్కువైతే చుక్క అలుక్కుపోతుంది). ఫోను సెకనుకు 240 ఫ్రేములు (విడి బొమ్మలు) తీస్తుందనుకుందాం. చుక్క మళ్లీ అదే చోటికి రావడానికి 24 ఫ్రేములు పడితే సెకనుకు 10 చుట్లు, నిమిషానికి 600. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయరు ఉంటే ఇంగ్లిషు ‘ఇ’ (E) మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ లెక్కపెట్టవచ్చు.

మామూలు వీడియోతో లెక్కించవద్దు. 30 ఫ్రేముల వీడియోలో సెకనుకు సరిగ్గా 30 చుట్లు తిరిగేది నిలబడిపోయినట్టు, 29 తిరిగేది వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అలా ఎందుకు కనిపిస్తుందో పిల్లలను అడగండి, మంచి చర్చ నడుస్తుంది.

తర్వాత ఒక్కో జట్టు ఒక్కటే మార్చాలి: తీగ చుట్ల సంఖ్య, అయస్కాంతాల సంఖ్య, లేదా సందు. వేగం పెరుగుతుందో తగ్గుతుందో ముందే కాగితం మీద రాయాలి. తీగ చుట్లు రెట్టింపు చేస్తే వేగమూ రెట్టింపవుతుందని దాదాపు అందరూ రాస్తారు. కానీ చుట్లతో బలమే కాదు, బరువూ నిరోధమూ కూడా పెరుగుతాయి. ఊహ తప్పినచోటే పిల్లలు సొంత ఆలోచనలతో కొత్త మార్పులు మొదలుపెడతారు. ఫోను వంతు జట్టుకు రెండు నిమిషాలు చాలు.

ప్రశ్న: మా బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఉంది. మోటారు యానిమేషన్ అందులో చక్కగా కనిపిస్తుంది. మళ్లీ తీగలతో తంటా ఎందుకని తోటివారు అడుగుతున్నారు.
– ఉపాధ్యాయుడు, కదిరి

జవాబు: ప్యానెల్ తప్పకుండా వాడండి, కానీ చేతిపని అయ్యాక. తెర మీది మోటారుకు పూత గీకే పని లేదు, బరువు ఒక వైపు ఒరగదు, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ముందే అది చూపిస్తే పిల్లలకు అడగడానికి ఏమీ మిగలదు. మోటారుతో కుస్తీ పట్టిన పిల్లలకైతే, కంటికి కనిపించని అయస్కాంత క్షేత్రాన్నీ బలం దిశనూ తెర చూపించినప్పుడు తమ చుట్ట ఎందుకు ఊగిందో అక్కడే తెలిసిపోతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంవారి ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే ప్రయోగాలు) ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదం ఉంది.

ప్రశ్న: ప్రాజెక్టు పనులు దుకాణంలో కొని తెస్తున్నారు. మార్కులు ఎలా వేయాలి?
– ఉపాధ్యాయురాలు, జనగామ

జవాబు: తెచ్చిన వస్తువుకు కాకుండా, తరగతిలో దాన్ని విప్పి మళ్లీ బిగించినందుకు మార్కులు వేయండి. తర్వాత ఒక భాగం మార్చమనండి. ఏం మార్చారు, ఏమవుతుందనుకున్నారు, ఏమైంది అని నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయించండి. పని చేయని మార్పుకూ పూర్తి మార్కులు ఇవ్వాలి. లేకపోతే వచ్చే నెల మళ్లీ దుకాణానికే వెళతారు.