సిస్టర్‌ని అడగండి: లైన్లో ముందెవరు?

ప్రశ్న: సిస్టర్, కోవిడ్ టైములో మా నాన్నని గవర్నమెంట్ ఆస్పత్రికి తీసుకెళ్తే మూడు గంటలు బయట బెంచీ మీదే కూర్చోబెట్టారు, మా తర్వాత వచ్చినవాళ్లని మాత్రం లోపలికి తీసుకున్నారు. నాన్న బతికి బయటపడ్డారు గానీ నాకు ఆ కోపం ఇంకా పోలేదు. రికమండేషన్ వల్లేనా? నిజం చెప్పండి.

జవాబు: అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు. తప్పించుకోడానికి అంటున్న మాట కాదండీ. క్యాజువాలిటీలో ముందొచ్చినవాళ్లకి ముందు అనే లెక్క ఉండదు, ఎవరికి ప్రాణం మీదకొచ్చిందో వాళ్లకే ముందు, దాన్ని ట్రయాజ్ అంటాం. నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్, ఆఫీసరా సిపాయా అని చూడకుండా దెబ్బ ఎంత పెద్దదో చూసి తీసుకునేవాడట, అక్కడ్నుంచి వచ్చిన పద్ధతి. అంటే ఆ టైముకి మీ నాన్నగారు మిగతావాళ్లకన్నా బాగున్నట్టు కనిపించారేమో.

కనిపించారు అన్నాను చూశారా, తిరకాసంతా అక్కడే. మేం చూసేది వేలికి పెట్టిన ఆక్సీమీటర్ నంబరు. అది చర్మంలోంచి వెలుతురు పంపి ఆక్సిజన్ లెక్కకడుతుంది, చర్మం ముదురు రంగైతే ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 2020 డిసెంబర్లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీలో, ఆక్సిజన్ పడిపోయినా మెషిన్ పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లకన్నా నల్లజాతి పేషెంట్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, "94 ఉంది, పర్లేదు కూర్చోండి" అని నేను చెప్పిన మొహాలన్నీ గుర్తొచ్చాయి. అప్పట్నుంచి నంబరు బాగున్నా సరే, మాట మధ్యలో ఆయాసపడుతున్నారా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు అని చూస్తున్నా.

ఇక రికమండేషన్... ఉంది, లేదంటే అబద్ధం. కానీ నేను చూసినంతలో ఫోన్లు చేయించేవాళ్ల వల్ల జరిగేది కొంతే. గట్టిగా అడగగలిగినవాళ్లకి, రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకొచ్చినవాళ్లకి, పక్కన మనిషి ఉన్నవాళ్లకి పనులు చకచకా అయిపోతాయి, ఒంటరిగా వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దామెని ఎవరూ పలకరించరు. ఒకసారి నేనూ పలకరించలేదు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాశాడు, ఇన్వర్స్ కేర్ లా అని దానికి పేరు కూడా పెట్టాడు.

ప్రశ్న: అప్పుడు మీకోసం చప్పట్లు కొట్టాం, హీరోలన్నాం. ఇప్పుడేమో ఎక్కడ చూసినా నర్సుల సమ్మెలు. ఇది న్యాయమేనా?

జవాబు: చప్పట్లకి థాంక్సండీ, నిజంగానే, కొన్ని రోజులు వాటితోనే నెట్టుకొచ్చాం. కానీ 2020 జనవరి నుంచి 2021 మే లోపు ప్రపంచం మొత్తమ్మీద కోవిడ్‌తో దాదాపు 1,15,000 మంది హెల్త్ వర్కర్లు చనిపోయి ఉంటారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. నర్సుల్లో పదింట తొమ్మిదిమంది ఆడవాళ్లే, మాస్కులు, గౌన్లు మాత్రం చాలాచోట్ల మగవాళ్ల సైజులోనే వచ్చేవి, టేపు అంటించుకుని డ్యూటీ చేశాం.

సమ్మె అంటే జీతాల గొడవనుకుంటారు, జీతం కూడా కావాలి, సిగ్గేముంది. కానీ అంతకన్నా ముందు స్టాఫ్ కావాలి. కోవిడ్ రాకముందే ప్రపంచంలో 59 లక్షల మంది నర్సులు తక్కువున్నారని అదే సంస్థ 2020 రిపోర్టులో చెప్పింది. వార్డులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు రెండు బెడ్ల నుంచి ఒకేసారి పిలిస్తే ఎటు పరిగెత్తాలి? ఎటు వెళ్లినా రెండోవాళ్లకి అన్యాయం చేసింది నేనే అన్నట్టు ఉంటుంది, పోస్టులు నింపనివాళ్లు ఆ టైములో వార్డులో ఉండరు కదా, తిట్లు నాకే.

ప్రశ్న: బయట కూర్చోమన్నప్పుడు మేం ఏం చేయాలి?

జవాబు: ఊరుకోకండి. ఆయాసం పెరిగినా, పెదాలు నీలంగా మారినా, మనిషి మత్తుగా అయిపోయినా వెంటనే వచ్చి "ఇందాకటికన్నా ఎక్కువైంది, మళ్లీ చూడండి" అనండి. మళ్లీ చూడటం ట్రయాజ్‌లో భాగమే, మీరేం ఫేవర్ అడగట్లేదు. మేం విసుక్కుంటాం, అయినా రండి. వచ్చేటప్పుడు పక్క బెంచీ మీద ఎవరూ తోడు లేకుండా కూర్చున్నవాళ్ల సంగతి కూడా ఓ మాట చెప్పండి.