పాతపేటల్లో నడవబోయే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో జతచేసిన వ్యాసం చిత్తుప్రతి అందాయి. ఒక నగరంలోని పాతపేటల మీద వరుసగా వ్యాసాలు రాయాలని ఉందనీ, చేతిలో ఉన్న డబ్బు నాలుగు రోజులకు మించి రాదనీ, ఇంకాస్త కూడబెట్టుకునేదాకా ఆగమంటారా అనీ అడిగావు. ఆగవద్దు. అయితే నువ్వు వేసుకున్న ప్రణాళికను మాత్రం మార్చుకోమంటాను. నాలుగు రోజుల్లో ఐదు పేటలు, రెండు కోటలు, మూడు మ్యూజియాలు అని రాసుకున్నావు. ఆ లెక్కన నీ డబ్బులో సగం ప్రయాణాలకూ టికెట్లకూ పోతుంది; మిగిలిన సగంతో నువ్వు కొనుక్కునేది కాళ్లనొప్పులు. ఒక్క పేటను ఎంచుకో, అందులోనూ మూడు నాలుగు వీధులకు మించి పెట్టుకోకు. నడిచి వెళ్లగలిగినంత దూరంలో సాదాసీదా గది చూసుకో. ఊరి చివర ఇంకా చవకగా దొరకవచ్చు గాని, రానుపోను చార్జీలతో ఆ మిగులు ఖర్చయిపోవడమే కాక, తెల్లవారుజాము కూడా చేజారిపోతుంది. దుకాణాలు తెరవకముందు, వాహనాలు అడ్డు నిలవకముందు, వీధి తన గోడలతో సహా పూర్తిగా కనిపించే సమయం అదొక్కటే.

ఒకే వీధికి మళ్లీ మళ్లీ వెళ్లమనడం పొదుపు కోసమే కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు మన కళ్లకు అందం తప్ప మరేదీ ఆనదు. ‘ఇది ఇలా ఎందుకుంది’ అన్న ప్రశ్న పుట్టాలంటే అదే మలుపు ఇంకోసారి తిరగాలి. పాతపేట గురించి రాయడమంటే ఆ ప్రశ్న వెంట పోవడమేనని నా అభిప్రాయం. ఇటలీలోని బొలోన్యా నగరంలో ఇళ్ల ముందు సాగే వసారాలన్నీ కలిపితే 62 కిలోమీటర్లు ఉంటాయి. వాటి నీడను మెచ్చుకుంటూ రాసినవాళ్లకు లెక్కలేదు. కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ వసారా ఉండి తీరాలని 1288లో ఆ నగరం శాసనం చేసిందనీ, గుర్రం మీద వెళ్లే మనిషి తల తగలకుండా కనీసం ఏడు బొలోన్యా అడుగులు, అంటే 2.66 మీటర్ల ఎత్తు ఉండాలని పట్టుబట్టిందనీ, స్థలం ఇంటివాడిదే అయినా అందులో నడిచే హక్కు మాత్రం అందరిదీ అనీ తెలుసుకున్నవాడు వసారాలో తలెత్తి చూసే చూపే వేరుగా ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల వెంట ఇళ్ల నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన దూలానికి కొక్కెం ఎందుకుందంటే, లోపలి మెట్లు మరీ ఇరుకు కాబట్టి బరువైన సామాను తాడు కట్టి బయటినుంచే కిటికీలోకి లాగేవారు.

ఇందుకోసం అంతంత దూరాలు వెళ్లనక్కరలేదు. చాలా పాతపేటల్లో ఇరుకు సందు మొదట్లో, గోడ మూలకు ఆనించి మోకాటి ఎత్తు రాయి పాతి ఉంటుంది. మలుపు తిరిగే బండి చక్రం, ఇరుసు గోడను గీరకుండా పెట్టిన రాయి అది. ఒకసారి అలాంటి సందు ముందు గంటసేపు కూర్చున్నాను. అటొకటి ఇటొకటి రెండు రాళ్లు. ఎడమ రాయి మీద, జానెడు ఎత్తున, నాలుగు వేళ్లు పట్టేంత గాడి పడి, లోపల నున్నగా అరిగి ఉంది. కుడి రాయి మీద ఉలి గంట్లు ఇంకా చేతికి గరుకుగానే తగులుతున్నాయి. అంటే బండ్లు ఎక్కువగా ఎడమ దిక్కు నుంచే వచ్చి సందులోకి తిరిగేవన్నమాట. ఆ దిక్కున వీధి వెంట పోతే పది నిమిషాల్లో నది రేవు వచ్చింది. వెనక్కి వచ్చి సందులోకి నడిస్తే, ఇళ్లకు ఉండాల్సినదానికన్నా వెడల్పైన తలుపులు, బండి వెనకభాగం సరిగ్గా ఆనేంత ఎత్తైన అరుగులు కనిపించాయి. ఇది సరుకు దిగిన సందు అని అనిపించినా, అనిపించిందనే రాసుకున్నాను. మర్నాడు గ్రంథాలయంలోని పాత పటంలో ఆ సందుకు రెండువైపులా గిడ్డంగులు గుర్తించి ఉండటం చూశాక గాని దాన్ని వ్యాసంలోకి రానివ్వలేదు. ఇంతా చేసి అయిన ఖర్చు ఆ పటం జిరాక్సుకే.

ఈ జాగ్రత్త నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తొలిరోజుల్లో ఇంగ్లండులోని ఒక పాతపేట గురించి రాస్తూ, ఇటుకలతో పూడ్చిన కిటికీలన్నీ పన్ను తప్పించుకోవడానికి పూడ్చినవేనని, గైడు చెప్పింది చెప్పినట్టు దించేశాను. కిటికీల లెక్కన పన్ను కట్టించుకున్న మాట నిజమే. అది 1696లో మొదలై 1851 దాకా సాగింది, ఆ బాధ పడలేక కిటికీలు పూడ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ లోపల పొగగూడో అడ్డుగోడో వచ్చిన చోట కూడా ఇంటి ముఖం రెండువైపులా సమానంగా కనిపించాలని, కట్టేటప్పుడే ఉత్తుత్తి కిటికీలు పెట్టడం అక్కడి తాపీపనివాళ్లకు అలవాటు. నేను అంతగా వర్ణించిన ఇల్లు ఆ పన్ను రద్దయిన తరవాత కట్టినదని ఒక పాఠకుడు కార్డు మీద రెండే వాక్యాలు రాసి పంపాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అప్పటినుంచి నోటుపుస్తకంలో కుడి పేజీ నేను చూసినదానికి, ఎడమ పేజీ ఇతరులు చెప్పినదానికి కేటాయించాను. ఎడమ పేజీలోని మాట పటంలోనో, దస్తావేజులోనో, రాతి మీదనో రుజువు దొరికితే తప్ప కుడివైపుకు దాటదు. దాటనివాటిని పారేయమనడం లేదు. ‘ఇక్కడివారు ఇలా చెప్పుకుంటారు’ అని రాస్తే అదీ విలువైన సమాచారమే.

ఖర్చు లేకుండా దొరికేవాటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, వెతికితే నీకే తెలుస్తాయి. చాలా పాత పటాలను గ్రంథాలయాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాయి. బయలుదేరే ముందే నీ వీధులున్న పటాన్ని ఫోన్‌లో దాచుకో. వారసత్వ దినోత్సవాల పేరిట మామూలుగా మూసి ఉండే భవనాలను తెరిచే రోజులు అనేక దేశాల్లో ఉన్నాయి. ఐరోపాలో అవి సాధారణంగా సెప్టెంబరులో వస్తాయి. ఏప్రిల్ 18ని ప్రపంచ వారసత్వ దినంగా అంతటా జరుపుకుంటారు. వీలైతే ప్రయాణాన్ని ఆ తేదీలకు జరుపుకో. స్థానిక సంస్థలు నడిపే నడకలు ఉంటే మొదటి ఉదయమే చేరు. అహ్మదాబాద్ ప్రాకార నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది గాని, అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1997లో, అక్కడి నగరపాలక సంస్థ కాలుపూర్ స్వామినారాయణ మందిరం నుంచి జామా మసీదు దాకా, ‘పోల్’ అని పిలిచే ఇళ్లవాడల గుండా ఉదయపు నడక మొదలుపెట్టింది. అలాంటి నడక దారి చూపిస్తుంది. రాయాల్సినదాని కోసం మాత్రం మర్నాడు అదే దారిలో ఒంటరిగా వెళ్లాలి. ‘ఉచితం’ అని ప్రకటించే నడకల్లో గైడుకు చాలాచోట్ల జీతం ఉండదు, చివర్లో మనం ఇచ్చేదే అతని సంపాదన. ఆ డబ్బును ముందే లెక్కలో వేసుకో. బేరమాడవలసిన చోటు కాదది.

తెల్లవారుజామున తిరగమన్నాను కాబట్టి దానికో హద్దు కూడా చెప్పాలి. పాతపేట ప్రదర్శనశాల కాదు, అక్కడ మనుషులు నిద్రపోతుంటారు. దక్షిణ కొరియా రాజధాని సోల్ (సియోల్) నగరంలోని బుక్చోన్ పేటలో సంప్రదాయ గృహాలను చూడవచ్చే జనం తాకిడి తట్టుకోలేక, 2024 నవంబరు నుంచి కొన్ని వీధుల్లో సాయంత్రం 5 తరవాత, ఉదయం 10కి ముందు సందర్శకులు తిరగకూడదని ఆంక్ష పెట్టారు. అటువంటి నియమం ఉన్న చోట దాన్ని పాటించు; లేని చోట నీకు నువ్వే పెట్టుకో. వీధి అందరిదీ, గడప ఇంటివారిది. తెరిచిన తలుపులోంచి ఫోటో తీయకు. ఎవరైనా పలకరిస్తే ముందు నువ్వెవరివో, ఎందుకు వచ్చావో చెప్పు, ఆ తరవాతే ప్రశ్నలు అడుగు. ఇంటి వయసెంత అని అడిగితే ఎవరైనా ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. కిందటి వానాకాలం ఇల్లు ఎక్కడ కురిసింది, ఆ పనికి ఎవరు వచ్చారు అని అడిగి చూడు. కప్పు, దూలం, సున్నం, వాటాలు పంచుకున్న అన్నదమ్ములు, అన్నీ ఆ ఒక్క జవాబులోనే వస్తాయి.

ఇక నీ చిత్తుప్రతి. మొదటి పేజీలోనే ‘కాలం స్తంభించిన వీధులు’ అన్నావు, ‘గతవైభవం’ ఐదుసార్లు వచ్చింది. నిన్ననే కప్పు మరమ్మతుకు అప్పు చేసినవాడి వీధిలో కాలం స్తంభించలేదు. 1727లో కట్టిన జైపూర్‌కు దాన్ని గులాబీ నగరం చేసిన ఆ రంగు 1876లో, బ్రిటిష్ యువరాజు రాక సందర్భంగా వేసినదని చెబుతారు. పాతదని మనం మురిసిపోయేదానిలో ఎన్ని పొరలు ఉంటాయో దీన్నిబట్టి ఊహించు. ఏ పొర ఎప్పటిదో తెలిసినంతవరకే రాయి, విశేషణాలు వాటంతటవే తగ్గుతాయి. నాలుగో పేజీలో, తలుపు గొళ్లెం ఎడమచేతికి అందే వైపు ఎందుకుందని అడిగి జవాబు లేకుండా వదిలేసిన వాక్యం ఉంది చూశావా, నీ వ్యాసం నిజంగా మొదలయ్యేది అక్కడే. ముందు మూడు పేజీలూ తీసేయవచ్చు.

ఈసారి వెళ్లొచ్చాక వ్యాసం పంపవద్దు. ముందు నోటుపుస్తకంలోని ఎడమ పేజీలు ఫోటో తీసి పంపు. వాటిలో ఏ మాట కుడివైపుకు దాటగలదో, దానికి ఏ పటం చూడాలో కూర్చుని ఇద్దరం తేల్చుకుందాం.

ఆశీస్సులతో.