ఒక్క ఊపిరిలో దొరికే బొమ్మ

నెల్లూరు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఒంగోలులో స్కానింగ్ సెంటరులో చేరిన సంగతి మీ అమ్మ చెప్పింది. తలకూ నడుముకూ మోకాలికీ ఎంఆర్ఐ ధైర్యంగా చేస్తున్నావట గానీ, కాలేయానికి కాంట్రాస్ట్, అంటే బొమ్మలో తేడా తెలిసేలా నరంలోకి మందు ఎక్కించి తీయాలి అనగానే ఏదో సాకు చెప్పి పక్కకు తప్పుకుంటున్నావట. నేనూ మొదటి ఏడాదంతా అదే పని చేశాను. ఎల్లకాలం కుదరదు కాబట్టి రాస్తున్నాను.

సోమశిల కాలువ కింద తాతయ్య పొలం గుర్తుందా? దానికి కాలువ నీళ్లూ పారేవి, బోరు నీళ్లూ పారేవి. కాలేయమూ అంతే. దానికి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర తెస్తుంది, పావు వంతు హెపాటిక్ ధమని తెస్తుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ గడ్డ మాత్రం ముదిరేకొద్దీ కాలువను వదిలేసి బోరు మీదే బతుకుతుంది. చేతి నరంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ మందు, అదే గాడోలినియం, ముందు ధమనికి చేరుతుంది. ఆ కొద్ది క్షణాలు గడ్డ తెల్లగా మెరుస్తుంది, చుట్టూ ఉన్న కాలేయం ఇంకా మసకగానే ఉంటుంది. నిమిషం దాటేసరికి కాలువ నీళ్లు అందుకుంటాయి. కాలేయం తెల్లబడుతుంది, గడ్డ నల్లబడుతుంది. కాలేయం మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్ ఉన్నవాళ్లలో సెంటీమీటరు దాటిన గడ్డ ఇలా మెరిసి నల్లబడితే, చాలాసార్లు సూది గుచ్చి ముక్క తీయకుండానే క్యాన్సర్ అని డాక్టర్లు తేల్చేస్తారు. ఆ మెరుపు మందు ఎక్కించిన 35 సెకన్లకు అటూ ఇటూగా వస్తుంది. అది జారిపోతే ఆ రోజుకు ఇక దొరకదు. మళ్లీ మందు ఎక్కించినా లాభం లేదు, కాలేయమంతా అప్పటికే తడిసి ఉంటుంది.

ఈ బొమ్మ చాలాసార్లు ఊపిరి దగ్గరే పాడవుతుంది. తీయడానికి 15 నుంచి 20 సెకన్లు పడుతుంది, అంతసేపూ రోగి కదలకుండా ఊపిరి బిగబట్టాలి. మా రోజుల్లో ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నేను చెప్పినదానికల్లా తల ఊపాడు. తల ఊపితే అర్థమైందనుకున్నాను. మందు ఎక్కింది, ‘ఊపిరి ఆపండి’ అన్నాను. లోపలి నుంచి గట్టిగా ‘ఏమన్నారు బాబూ?’ అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో బొమ్మంతా చారలు చారలైంది. పాపం, ఇంకో రోజు ఇంకో బస్సు ఎక్కి రావలసి వచ్చింది. తప్పు ఆయనది కాదు.

అప్పటి నుంచి మిషన్‌లోకి పంపేముందు బయట బల్ల మీద కూర్చోబెట్టి నాలుగైదు సార్లు సాధన చేయించేవాణ్ణి. ‘పీల్చండి, వదలండి, ఇక ఆపండి’ అని చెప్పి, పొట్ట మీద నా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. పీల్చి ఆపమంటే ఒక్కోసారి ఒక్కోలా పీలుస్తారు, కాలేయం ఒక్కోసారి ఒక్కో ఎత్తులో ఆగుతుంది. వదిలి ఆపితే దాదాపు ఒకే చోటికి వస్తుంది. అలా ఆపలేని వాళ్లతో పీల్చే ఆపించు, కానీ మొదటి నుంచి చివరి దాకా అదే పద్ధతి నడిపించు. మందుకు ముందు తీసిన బొమ్మను తర్వాతి బొమ్మలోంచి తీసివేసి చూస్తారు కదా, రెండూ ఒకే చోట లేకపోతే ఆ లెక్క కుదరదు. మిషన్‌తో పాటు వచ్చిన రికార్డు గొంతు ఇంగ్లీషులో ఆజ్ఞలిస్తుంటే దాన్ని ఆపేసి నువ్వే తెలుగులో చెప్పు. పరాయి గొంతు వింటే మనవాళ్లు ఉలిక్కిపడతారు.

సెకన్లు లెక్కపెట్టి మాత్రం మొదలుపెట్టకు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో మందు నత్తలా నడుస్తుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, అదే బృహద్ధమనిలోకి మందు రావడం తెర మీద చూసి అప్పుడు మొదలుపెట్టు. బొమ్మ సరిగా వచ్చిందా అంటే, హెపాటిక్ ధమని బాగా మెరవాలి, పోర్టల్ సిర అప్పుడప్పుడే తెల్లబడుతుండాలి, కాలేయం నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోయే హెపాటిక్ సిరలు నల్లగానే ఉండాలి. నాకు తెలిసిన కొలబద్ద ఇదే.

మీ డాక్టరు గారు గాడాక్సెటేట్ అనే ఇంకో రకం గాడోలినియం మందు వాడమంటే సంగతి కొంచెం వేరు. అందులో దాదాపు సగం కాలేయ కణాల గుండా పైత్యంలోకి పోతుంది. 20 నిమిషాల తర్వాత తీస్తే మంచి కాలేయం వెలుగుతుంది, మందును తీసుకోలేని గడ్డ నల్లగా మిగులుతుంది. కిలోకు 0.1 మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీలీటర్లే. ఇంత కొంచెం కాబట్టి సెకనుకు ఒక మిల్లీలీటరు చొప్పున నిదానంగా ఎక్కించి, వెనకే సెలైన్ తోయి. ఈ మందు పడగానే కొందరికి కొద్ది సెకన్లు ఊపిరి తడబడుతుంది, అదీ సరిగ్గా మనకు కావలసిన వేళకే! ఆ 20 నిమిషాలు ఊరికే కూర్చోక డిఫ్యూజన్, టీ2 అనే వేరే రకం బొమ్మలు తీసుకో. ఎంఆర్‌సీపీ అనే పైత్యనాళాల స్కాన్ అడిగి ఉంటే మాత్రం మందుకు ముందే ముగించు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా, మందు ఎక్కించే గొట్టం సూది, అదే కాన్యులా, పెట్టకు. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ బాధలు తక్కువేమీ కాదు. కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, ఇజీఎఫ్ఆర్, 30 కన్నా తక్కువుంటే డాక్టరు గారిని అడగనిదే సూది ముట్టుకోకు. పాత రకం గాడోలినియం మందులతో కిడ్నీలు చెడినవాళ్లకు చర్మం బిగుసుకుపోయే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. ఇప్పటి మందులు చాలా మేలు, అయినా అడగడం మానకు.

మిషన్ పెద్ద అయస్కాంతం కాబట్టి ఇనుము సంగతి నీకు తెలిసిందే. తాళిలో పిన్నీసులు, మొలతాడుకు తాయెత్తులు నువ్వే వెతికి తీయించు, అడిగితే గుర్తుండదు. జరీ చీరతో ఎవరినీ లోపలికి పంపకు, జరీలో లోహపు తీగ ఉంటుంది. చీమకుర్తి క్వారీల్లో పనిచేసిన వాళ్లను, వెల్డింగు చేసేవాళ్లను కంట్లో ఎప్పుడైనా ఇనుపరజను పడిందా అని అడుగు. పడిందంటే ముందు కంటికి ఎక్స్‌రే తీయించు.

పొట్టలో నీరు బాగా చేరినవాళ్లకు అయస్కాంత బలం ఎక్కువున్న 3 టెస్లా మిషన్‌లో బొమ్మ మధ్య నల్లని మరకలు పడతాయి. మీ దగ్గర 1.5 టెస్లా మిషన్ కూడా ఉంటే అక్కడే తీయి.

ఇక అన్నింటికన్నా కష్టమైనది. స్కాన్ అయ్యాక గుమ్మం దగ్గర కొడుకో భార్యో నీ ముఖంలోకి చూస్తూ ‘ఏమన్నా ఉందా అమ్మా?’ అని అడుగుతారు. తెర మీద మెరిసినదాన్ని నువ్వు చూసే ఉంటావు. అయినా చెప్పకు. రక్తనాళాల గడ్డ కూడా మెరుస్తుంది, దానితో ఏ ప్రమాదమూ లేదు. అదేదో తేల్చవలసింది డాక్టరు గారు. ‘రిపోర్టు ఫలానా వేళకు వస్తుంది, కూర్చోండి, మంచినీళ్లు కావాలా’ అని అడుగు.

ఆదివారం సెలవు దొరికితే నెల్లూరు రా. పేర్లు కత్తిరించిన పాత ఫిల్ములు నా బీరువాలో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూపిస్తాను. అత్తయ్య చేపల పులుసు పెడతానంది. రోగులకు చెప్పినట్టే నీకూ చెప్తున్నాను, నాలుగు గంటలు ఖాళీ కడుపుతో రావాలి. బస్టాండులో టీ కూడా తాగకు.

మావయ్య