సీలింగ్ లైటు బిగించే ముందు

అమ్మలూ,

హాల్లో కొత్త సీలింగ్ లైటు నువ్వే బిగించుకుంటానన్నావు. సంతోషం. పాత స్విచ్చే సరిపోతుంది, ఎల్‌ఈడీ లైటు దానికేమీ భారం కాదు. కొన్నిచోట్ల ఇలాంటి పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలన్న నిబంధన ఉంటుంది. అది ముందే కనుక్కో.

స్విచ్ ఆపేసి నిచ్చెనెక్కితే చాలనుకోకు, నా భయమంతా అక్కడే. స్విచ్ ఫేజ్ వైరు మీద, అంటే కరెంటు తెచ్చే వైరు మీద ఉండాలి. ఎవరో తొందరలో కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుని స్విచ్‌కి ఇచ్చి ఉంటే, లైటు ఆరిపోతుంది గానీ ఫేజ్ హోల్డర్ దాకా వస్తూనే ఉంటుంది. కింద నుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు. అందుకే మెయిన్ బోర్డులో ఆ లైనుకి కరెంటు ఆపే ఎంసీబీ ఆపు. ఆపి, దాని మీద కాగితం అంటించు. ఇంట్లో అందరికీ చెప్పు. లేకపోతే నువ్వు పైన ఉండగా ‘కరెంటు పోయిందేంటి’ అంటూ ఎవరో ఒకరు వచ్చి ఆన్ చేసేస్తారు.

టెస్టర్ వెలగలేదు కదా అని ధైర్యం తెచ్చుకోకు. అది వెలగాలంటే నీ ఒంట్లోంచి రవ్వంత కరెంటు నేలకి దిగాలి. పొడి చెక్క నిచ్చెన మీద, రబ్బరు చెప్పులతో ఉంటే ఫేజ్ ఉన్నా ఆ వెలుగు కంటికి ఆనకపోవచ్చు. వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ తీసుకుని ఏసీ వోల్టేజ్‌లో పెట్టు. ముందు కరెంటున్న వేరే ప్లగ్‌లో చూడు. తర్వాత పైన వైర్లన్నిటినీ జతలుగా, ఎర్త్‌తో కూడా చూడు. మళ్లీ ఆ ప్లగ్‌లోనే చూడు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. మధ్యలో మీటర్ పాడైతే అది చూపించిన సున్నాని నమ్మి చెయ్యి పెట్టేస్తాం.

పాత లైటు విప్పకముందే ఫోటో తీసుకో. ఏ వైరు ‘ఎల్’ (ఫేజ్)లో ఉందో, ఏది ‘ఎన్’ (న్యూట్రల్)లో ఉందో టేపు చుట్టి రాసిపెట్టు. పాత ఇళ్లలో వైర్ల రంగులని నమ్మడానికి లేదు. పైన వైర్లు కలిసే డబ్బాలో ఇంకో వైర్ల గుత్తి ముడేసి ఉంటే దాన్ని కదపకు, అది పక్క పాయింట్లకి వెళ్లే ఫేజ్ కావచ్చు. పాత లైటు ఉన్న రెండు వైర్లకే కొత్తది కలుపు. లైటు బాడీ మెటల్‌దైతే ఎర్త్ తప్పనిసరి. పైన ఎర్త్ వైరే లేకపోతే ఆ లైటు పెట్టకు, ఎర్త్ అక్కర్లేని రకం తెచ్చుకో.

ఇన్సులేషన్ కనెక్టర్‌లో దూరేంత మేరకే ఒలుచు. రాగి పోగు ఒక్కటి కూడా బయటికి కనపడకూడదు. స్క్రూ బిగించాక ఒక్కో వైరునీ గట్టిగా లాగి చూడు. వదులు జాయింటే తర్వాత వేడెక్కి కాలుతుంది.

స్విచ్ ఆపినా లైటు మసకగా వెలుగుతోందా? స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే అలా జరగొచ్చు. లేకపోతే న్యూట్రల్ మీద స్విచ్ ఉందేమోనని అనుమానించి ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించు. వైరు పైతొడుగు ముట్టుకుంటే పెళుసుగా రాలుతున్నా, మాడిన వాసన వచ్చినా, డబ్బాలో చెమ్మ కనపడినా పని ఆపేసి అతన్నే పిలువు.

ఫోటో నాకూ పంపు, కలిపేలోపు ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి