నా పార్టు రెండే మాటలు

నాటకాల్లో వచ్చే స్వగతం, డ్రమాటిక్ ఐరనీ లాంటివి నిర్వచనాలు చదివినా బుర్రకెక్కడం లేదు, ఎలా అర్థం చేసుకోవాలి అని అడిగారు. చదివితే ఎక్కవండీ. ఒక్కసారి ముఖానికి రంగేసుకోండి.

కాలేజీలో భవభూతి రాసిన సంస్కృత నాటకం ఉత్తరరామచరితం మొదటి అంకాన్ని తెలుగు చేసి ఆడాం. నాది వాకిలి కాపరి వేషం. రెండే మాటలు. దీనికి నెల రోజుల రిహార్సల్సా అని ఒళ్లు మండేది.

సీత రాముడి చేతిమీద తల పెట్టుకుని నిద్రపోతుంటుంది. ఈమెలో నాకు ప్రియం కానిదేముంది, భరించలేనిది విరహం ఒక్కటే అంటాడు రాముడు. ఆ మాట గాల్లో ఉండగానే కాపరి 'ఉపస్థితః' అనాలి. వచ్చింది గూఢచారి దుర్ముఖుడు, సీత మీద ఊరు వేసిన నింద మోసుకుని. మూలంలో రాకను చెప్పే ఆ ఒక్క మాట దుర్ముఖుడికీ విరహానికీ కూడా అతుకుతుంది. తెలుగులో చిక్కొచ్చింది. 'వచ్చాడు' అంటే మనిషే, 'వచ్చింది' అంటే విరహమే. మా డైరెక్టరు వారం రోజులు తల బద్దలు కొట్టుకుని 'వాకిట్లోనే ప్రభూ!' అని మార్చాడు.

మొదటి రోజు నా ఈటె తెరలో చిక్కుకుంది. లాక్కుని వచ్చేసరికి మూడు నాలుగు సెకన్లు పోయాయి. నా మాట ఉత్త కబురైపోయింది, వెనక ఎవరో నవ్వారు కూడా. రెండో రోజు 'విరహం' చివరి సున్నా ఇంకా వినిపిస్తుండగానే అందుకున్నాను. హాలంతా గప్‌చుప్.

ఆ మాట వెనకున్న కీడు రాముడికి తెలీదు, హాలుకు తెలుసు, అదే డ్రమాటిక్ ఐరనీ. ఇలా మాట మీద మాట వచ్చి తగలడాన్ని నాటక లక్షణాలు చెప్పే పాత సంస్కృత గ్రంథం దశరూపకం 'గండం' అంది. ఎంత చక్కని పేరు! పరీక్షల్లో మాత్రం ఇంగ్లిష్ పేరే రాయిస్తారు. ఇప్పటి నాటకాల్లో ఇలాంటి చోట ఢామ్మని మ్యూజిక్ కొడతారు, ప్రేక్షకుడికి చెవులున్నాయన్న నమ్మకం లేక.

స్వగతం సంగతంటారా, పక్కనున్న పాత్రకు వినపడదు, మనకు వినపడుతుంది, అంతే. జనాంతికం, అంటే స్టేజీ మీద ఒకరితో మాత్రమే గుట్టుగా మాట్లాడటం, ఇంకా సరదా. ఉంగరం వేలు మడిచి చెయ్యి అడ్డం పెడితే చాలు, స్టేజీ మీద మిగతావాళ్లంతా చెవిటివాళ్లే!

అన్నట్టు ఆ రెండో రోజు ముందు వరసలో ఒకావిడ పైకే 'అయ్యో' అంది. అది తన నటనకే అని మా రాముడు ఇప్పటికీ వాదిస్తాడు.