గోల్స్ లెక్క చూసి మోసపోకండి

1980ల బ్రిటిష్ ఐస్ హాకీ ఆటగాళ్లు ఒక్క సీజన్‌లోనే వందకు పైగా పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) చేశారు కాబట్టి ఇప్పటివారికంటే గొప్పవారని మీ స్నేహితుడు వాదిస్తున్నారన్నారు. ఆ లెక్కను పక్కన పెట్టండి. అప్పట్లో జట్టుకు ముగ్గురే విదేశీయులు, ఎక్కువగా కెనడావారు. స్థానిక రక్షణ వరుస వారిని ఆపలేక చేతులెత్తేసేది. ఒక జట్టే పది గోల్స్ దాటడం వింత కాదు. చూడటానికి మజాగా ఉండేదనుకోండి, అది వేరే మాట!

బయటివారితో ఆడినప్పుడు ఏమైందో చూడండి. 1990లో గ్రేట్ బ్రిటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నాలుగో అంచె అయిన పూల్ డిలో ఆడింది. 1994లో అగ్రశ్రేణికి చేరి, అన్ని మ్యాచ్‌లూ ఓడి దిగిపోయింది. 2019లో మాత్రం ఫ్రాన్స్‌పై 0-3తో వెనకబడి కూడా 4-3తో గెలిచి అగ్రశ్రేణిలో నిలిచింది. 2021లో బ్రిటన్ ఆటగాడు లియం కిర్క్ ఆ అగ్రశ్రేణిలోనే ఏడు మ్యాచ్‌లలో ఏడు గోల్స్ కొట్టాడు.

మీ స్నేహితుడు 1936లో బ్రిటన్ గెలిచిన ఒలింపిక్ స్వర్ణం మాట ఎత్తితే, ఆ జట్టులో చాలామంది బ్రిటన్‌లో పుట్టి కెనడాలో ఆట నేర్చుకున్నవారని గుర్తుచేయండి.